డిపెండెన్సీల చిట్టా ఎవరు రాయాలి?

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ప్రోగ్రాము నాతో రెండు రోజులపాటు దాగుడుమూతలాడింది. ఒక హెడర్ ఫైల్లోని స్ట్రక్చర్‌కి కొత్త ఫీల్డు ఒకటి చేర్చి మేక్ కొట్టాను. ఎర్రర్ లేదు, వార్నింగూ లేదు. నడిపితే మాత్రం ఖాతాదారు బాకీ కనపడాల్సిన చోట ఏదో అర్థంలేని అంకె కనపడేది. కోడు ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకలేదు. రెండో రోజు సాయంత్రం పక్క సీటు సీనియర్ టీ గ్లాసుతో వచ్చి, నా తెర వంక చూడకుండానే, "క్లీన్ చేసి బిల్డ్ కొట్టావా?" అన్నాడు. కొట్టాను. జబ్బు మాయం. మందు చెప్పాడు గాని రోగమేమిటో ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకీ తెలియదేమో.

రోగం ఇది. సి భాషలో ప్రతి ‘.సి’ ఫైలూ విడిగా కంపైలై ఒక ‘.ఓ’ ఫైలవుతుంది. చివరికి లింకర్ వాటన్నిటినీ ఒక్కటి చేస్తుంది. ‘ఖాతా.హెచ్’ మారితే దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకున్న ప్రతి ఫైలూ మళ్ళీ కంపైల్ కావాలి. ఎవరెవరు ఇన్‌క్లూడ్ చేసుకున్నారన్నది మేక్‌కి తెలియదు, మేక్‌ఫైల్లో మనం రాసిపెట్టిందే దాని లోకం. మా మేక్‌ఫైల్లో నాలుగేళ్ళ కిందట ఎవరో చేత్తో రాసిన జాబితా ఉంది. ఆ తర్వాత పుట్టిన ‘బాకీ.సి’ పేరు అందులో ఎక్కలేదు. దాంతో సగం ప్రోగ్రాముకి స్ట్రక్చర్ కొత్త కొలతల్లో, మిగతా సగానికి పాత కొలతల్లో కనపడింది. లింకర్‌కి కొలతలతో పనిలేదు, పేర్లు కలిస్తే చాలు.

ఆ జాబితాను మనిషి చేత కాకుండా యంత్రం చేత ఎలా రాయించాలన్నదే ఈ వ్యాసం విషయం. వినడానికి చిన్న ప్రశ్నే. దాదాపు యాభై ఏళ్ళుగా మంచి బుర్రలు దీని మీద పనిచేశాయి, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మేక్ పుట్టిందే ఇలాంటి ఒక పూట వృథా అయినందుకు. బెల్ ల్యాబ్స్‌లో యాక్ అనే పనిముట్టు రాసిన స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా సరిగ్గానే ఉన్న ప్రోగ్రాములో తప్పు వెతికాడు. దిద్దిన ఫైలును తిరిగి కంపైల్ చేయలేదని తెలిశాక, తన రాతను తిట్టుకుంటూ స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వచ్చాడు. ఫెల్డ్‌మన్‌కి ముందురోజు సాయంత్రం అదే అనుభవమైంది. 1976లో మేక్ వచ్చింది. దానికి 2003లో ఏసీఎం వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు కూడా వచ్చింది. టార్గెట్ ఏమిటి, అది వేటిమీద ఆధారపడింది, ఎలా తయారుచేయాలి అన్న మూడింటినీ రాసిస్తే, ఆధారాల్లో ఏదైనా టార్గెట్ కంటే కొత్తదైనప్పుడు మేక్ దాన్ని మళ్ళీ తయారుచేస్తుంది. అందమైన ఊహ. కాని ఆధారాల జాబితా రాసే పని మాత్రం మనిషికే మిగిలింది. జాన్సన్ మరిచిపోయింది కంపైల్ చేయడం, మేక్ వచ్చాక మనం మరిచిపోయేది మేక్‌ఫైల్లో రాయడం. మరుపు చోటు మార్చుకుందంతే. (మేక్‌ఫైల్లో ఆజ్ఞకు ముందు ట్యాబే ఉండాలన్న చాదస్తమూ అప్పటిదే. మార్చుదామనుకునే సరికే ఓ డజను మంది వాడుతున్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం దేనికని ఫెల్డ్‌మన్ వదిలేశాడు. ఆ డజను మంది కోసం తర్వాత ఎన్ని లక్షల మంది ట్యాబ్ కొట్టారో!)

జాబితా యంత్రమే రాయాలన్న ప్రయత్నాల్లో బాగా వాడుకలోకి వచ్చింది మేక్‌డిపెండ్. ఎక్స్ విండో సిస్టమ్ కోసం టాడ్ బ్రున్‌హాఫ్ రాశాడు. సోర్సు ఫైళ్ళన్నీ తెరిచి, ఇన్‌క్లూడ్ లైన్లు వెతుక్కుంటూ పోయి, దొరికినదంతా మేక్‌ఫైలు అడుగున అతికించేది. ‘ఈ లైను చెరపకండి, మేక్ డిపెండ్ దీనిమీద ఆధారపడింది’ అన్న అర్థం వచ్చే ఒక హెచ్చరిక పైన ఉండేది. పాత సోర్సుల్లో అది చూసినవాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. అలాగే లైనక్స్ 2.4 కెర్నెల్ కట్టినవాళ్ళందరికీ ‘మేక్ డెప్’ గుర్తుంటుంది.

ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మేక్‌డిపెండ్‌కి ఉన్న ప్రీప్రాసెసర్ దాని సొంతం, కంపైలర్‌ది వేరు. కంపైలర్ లోపల పుట్టుకతో ఉన్న మాక్రోలు, అది హెడర్లు వెతికే డైరెక్టరీలు దీనికి తెలియవు. ఒక ఇఫ్‌డెఫ్ దగ్గర కంపైలర్ ఎడమకు వెళ్తే ఇది కుడికి వెళ్ళవచ్చు. రెండోది మనుషుల లోపం. మేక్‌డిపెండ్‌ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నడపాలి. కొత్త ఇన్‌క్లూడ్ రాసిన ప్రతిసారీ ‘మేక్ డిపెండ్’ కొట్టే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మొదటి లోపానికి మందు తేలిక. హెడర్లను నిజంగా తెరిచేది కంపైలర్ కనుక దాన్నే అడగడం. జీసీసీలో ‘-ఎం’ అన్న ఆప్షన్ ఇస్తే, కంపైల్ చేయకుండా, తాను తెరిచే ఫైళ్ళ పేర్లన్నీ మేక్ భాషలోనే రాసిస్తుంది. ‘-ఎంఎం’ అయితే సిస్టమ్ హెడర్లను వదిలేస్తుంది. ఇక సాక్ష్యం తప్పే ప్రశ్న లేదు, చేసినవాడే చెబుతున్నాడు. రెండో లోపం కోసం గ్నూ మేక్ మాన్యువల్ ఒక ఉపాయం చెప్పింది. ప్రతి ‘.సి’ ఫైలుకీ ఒక ‘.డి’ ఫైలు పెట్టి, వాటిని మేక్‌ఫైల్లోకి లాక్కుని, ఆ ‘.డి’ ఫైళ్ళను తయారుచేసే రూలు కూడా మేక్‌కే ఇవ్వడం. మధ్యలో ఒక సెడ్ ఆజ్ఞ, దానిలో స్లాష్‌ల గుంపు. చూసి అర్థం చేసుకున్నవాళ్ళకంటే చూడకుండా కాపీ కొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. పని చేసేది గాని నెమ్మదిగా చేసేది. ఫైళ్ళన్నిటినీ ముందోసారి ప్రీప్రాసెస్ చేసి, ‘.డి’ ఫైళ్ళు మారాయి కనుక మేక్ తనను తాను మళ్ళీ మొదలుపెట్టుకుని, అప్పుడు అసలు కంపైలింగ్‌కి దిగేది. వేల ఫైళ్ళున్న ప్రాజెక్టులో అది టీ తాగి వచ్చేంత సమయం.

ఇక్కడ వచ్చిన మలుపే ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఆటోమేక్ రాసిన టామ్ ట్రోమీది ఆ ఆలోచన. గ్నూ మేక్‌ని చూసుకునే పాల్ స్మిత్ దాన్ని మేక్ వాడేవాళ్ళందరికీ విడమరచి చెప్పాడు. అసలు డిపెండెన్సీ జాబితా మనకు ఎప్పుడు కావాలి? మొదటిసారి బిల్డ్ కొట్టినప్పుడు ‘.ఓ’ ఫైలే లేదు. హెడర్లు ఏవైతేనేం, కంపైల్ చేయక తప్పదు. జాబితాతో అవసరం పడేది రెండోసారి నుంచే. మరైతే మొదటిసారి కంపైల్ చేస్తూ చేస్తూ, ఆ పనిలో పనిగా, తెరిచిన ఫైళ్ళ పేర్లు పక్కన రాసి పెట్టుకుంటే సరిపోతుంది కదా! ‘బాకీ.సి’లో ఎవరైనా కొత్త ఇన్‌క్లూడ్ చేరిస్తే జాబితా పాతదైపోతుందే అనే భయం అక్కర్లేదు. ‘బాకీ.సి’ మారింది కనుక అది ఎలాగూ కంపైలవుతుంది, అవుతూనే జాబితా తిరగరాస్తుంది. ఏదైనా హెడర్లో ఇన్‌క్లూడ్ చేరినా అంతే, ఆ హెడర్ పాత జాబితాలో ఉండనే ఉంది.

మన పాత కిరాణా దుకాణాల్లో చిట్టా రాసిన గుమాస్తాకి ఇది కొత్త సంగతేం కాదు. సరుకు గడప దాటుతుండగానే చిట్టాలో పడాలి. పొద్దున్నే ఊహించి రాస్తే జోస్యం, రాత్రి గుర్తు తెచ్చుకుని రాస్తే కథ. మేక్‌డిపెండ్ జోస్యం చెప్పింది, చేత్తో రాసిన మేక్‌ఫైలు కథ చెప్పింది. ‘.డి’ ఫైలు మాత్రం చిట్టా.

ఆచరణలో ఇదంతా కంపైలర్‌కి రెండు ఆప్షన్లు, మేక్‌ఫైలు అడుగున ఒక్క లైను. ‘-ఎంఎండి’ ఇస్తే కంపైలింగ్‌తోపాటే ‘.డి’ ఫైలు పుడుతుంది. ‘-ఎంపి’ ఇస్తే ప్రతి హెడర్ పేరుతోనూ ఒక ఖాళీ టార్గెట్ చేరుతుంది. ఈ రెండోది ఎందుకంటే, హెడర్ ఒకటి తొలగించారనుకోండి, పాత చిట్టాలో దాని పేరు ఉంటుంది, ఫైలు ఉండదు, దాన్ని ఎలా తయారుచేయాలో తెలియక మేక్ మొరాయిస్తుంది. ఖాళీ టార్గెట్ ఉంటే నోరు మూసుకుని ముందుకెళ్తుంది. అడుగున ఆ ‘.డి’ ఫైళ్ళను లాక్కునే లైను ముందు ఒక గీత పెడితే, మొదటిసారి అవి లేకపోయినా మేక్ గొడవ చేయదు. చిన్నా పెద్దా సి, సి ప్లస్ ప్లస్ ప్రాజెక్టుల్లో అత్యధికానికి ఇంతకు మించి అవసరం లేదని నా తీర్పు.

ఒక్కసారే కట్టి వదిలేసేవాళ్ళకి ఈ చిట్టా కూడా దండగే. ఆటోమేక్ ప్రాజెక్టులకు డిపెండెన్సీల నమోదును ఆపేసే కాన్ఫిగర్ ఆప్షన్ ఒకటుంది, డెబియన్ ప్యాకేజీలు కట్టేటప్పుడు మామూలుగా దాన్నే ఇస్తారు. రెండో బిల్డే లేనప్పుడు రెండోసారికి పనికొచ్చే పుస్తకం ఎందుకు?

చిట్టా నిజమైనంత మాత్రాన అది తెలివైనదని చెప్పలేం. లైనక్స్ కెర్నెల్‌ చూడండి. ప్రతి ఫైలూ ‘ఆటోకాన్ఫ్.హెచ్’ అనే ఒక హెడర్‌ని చూస్తుంది, వేలకొద్దీ కాన్ఫిగ్ ఆప్షన్లు అందులోనే ఉంటాయి. కంపైలర్ నిజాయితీగా దాన్ని చిట్టాలో రాస్తుంది. ఫలితంగా ఏదో డ్రైవర్ ఆప్షన్ ఒకటి మార్చినా కెర్నెల్ అంతా మొదటినుంచీ కంపైల్ కావాలి. కాయ్ గెర్మషెవ్‌స్కీ 2002లో రాసిన ‘ఫిక్స్‌డెప్’ అనే చిన్న ప్రోగ్రాము ఇక్కడ అడ్డుపడుతుంది. కంపైలర్ రాసిన చిట్టాను తీసుకుని, అందులోంచి ఆ పెద్ద హెడర్ పేరు కొట్టేసి, సోర్సులో ‘కాన్ఫిగ్’ అని మొదలయ్యే పేర్లు ఏవేవి కనపడ్డాయో వెతికి, ఒక్కో ఆప్షన్‌కీ ఒక్కో ఖాళీ ఫైలును డిపెండెన్సీగా రాస్తుంది. ఆప్షన్ మారితే దాని ఖాళీ ఫైలు తేదీ మాత్రమే మారుతుంది. పైగా కంపైల్ చేసిన ఆజ్ఞ మొత్తాన్నీ పక్కనే దాచిపెడుతుంది. కంపైలర్ ఆప్షన్లు మార్చి కొడితే, ఫైళ్ళు మారకపోయినా ఆజ్ఞ మారిందని గుర్తించి కెర్నెల్ బిల్డు వాటిని మళ్ళీ కడుతుంది. మామూలు మేక్‌కి ఈ రెండో జ్ఞానం లేదు. ‘-ఓ2’ని ‘-ఓ0’ చేసి మేక్ కొట్టి, ఏమీ జరగలేదేమిటా అని తల గోక్కోని సి ప్రోగ్రామర్ ఉంటాడా?

విండోస్ వైపు కథ కాస్త హాస్యం. మైక్రోసాఫ్ట్ కంపైలర్ చాలాకాలం ‘.డి’ లాంటి ఫైలేదీ ఇచ్చేది కాదు. ఒక ఆప్షన్ ఇస్తే తెరిచిన ప్రతి హెడర్ పేరూ తెర మీద అచ్చువేసేది, ముందు ‘గమనిక: ఈ ఫైలును చేరుస్తున్నాం’ అన్న అర్థం వచ్చే మాట పెట్టి. ఆ మాట కంపైలర్ ఏ భాషలో ఇన్‌స్టాల్ అయితే ఆ భాషలో వచ్చేది. ఇంగ్లీషు కంపైలర్ మీద చక్కగా నడిచిన బిల్డు జపనీస్ కంపైలర్ మీద డిపెండెన్సీలేవీ లేవనుకునేది. అందుకే నింజా అనే బిల్డు పనిముట్టులో ఆ ముందుమాట ఏమిటో చెప్పుకోవడానికి ప్రత్యేకంగా ఒక సెట్టింగు పెట్టాల్సి వచ్చింది. తర్వాత మైక్రోసాఫ్టే జేసన్‌లో జాబితా ఇచ్చే ఆప్షన్ తెచ్చింది.

నింజా మాట వచ్చింది కనుక. గూగుల్‌లో క్రోమియం మీద పనిచేస్తూ ఎవాన్ మార్టిన్ దీన్ని రాశాడు. ముప్పై వేలకు పైగా సోర్సు ఫైళ్ళున్న ఆ ప్రాజెక్టులో, ఒక్క ఫైలు మార్చి బిల్డ్ కొడితే పని మొదలుకావడానికే పది సెకన్లు పట్టేది. నింజా దాన్ని సెకనులోపుకి తెచ్చింది. ‘.డి’ ఫైళ్ళను వేలకొద్దీ డిస్కు మీద ఉంచి ప్రతిసారీ చదవకుండా, కంపైలర్ రాయగానే చదివేసి, ఒకే బైనరీ పుస్తకంలోకి ఎక్కించి, చిన్న ఫైలును చెరిపేస్తుంది. ఆజ్ఞల చిట్టా వేరే ఉంటుంది. నేడు సీమేక్, మీసన్ వాడేవాళ్ళలో చాలామంది కింద నడుస్తున్నది నింజాయే. తెలియకపోవచ్చు, తెలియనవసరమూ లేదు.

కంపైలర్ సాక్ష్యానికీ ఒక గుడ్డిచోటు ఉంది. తాను తెరిచిన ఫైళ్ళు చెబుతుంది గాని, వెతికి దొరకనివి చెప్పదు. ‘కాన్ఫిగ్.హెచ్’ కోసం ముందు ఒక డైరెక్టరీలో చూసి, లేకపోతే రెండోదానిలో తెరుస్తుందనుకోండి. రేపెవరో మొదటి డైరెక్టరీలో అదే పేరుతో కొత్త ఫైలు పెడితే, ఇప్పుడు తెరవాల్సింది దాన్ని. చిట్టాలో ఉన్నది పాతదే, అది మారలేదు, కనుక బిల్డ్ కదలదు. లేని ఫైలు మీద కూడా ఆధారపడవచ్చన్న ఈ సూక్ష్మాన్ని తన నమూనాలోనే పెట్టినవాడు డి. జె. బెర్న్‌స్టైన్. ఆయన ఊహించిన ‘రీడూ’లో, ఫలానా ఫైలు పుడితే నన్ను మళ్ళీ నడిపించు అని చెప్పుకునే ఆజ్ఞ విడిగా ఉంది. ఆయన దాన్ని విడుదల చేయలేదు. ఆ ఊహను పట్టుకుని ఏవరీ పెన్నరన్ లాంటివాళ్ళు అమలుచేశారు.

మరి కంపైలర్ మాటే ఎందుకు వినాలి, ఆపరేటింగ్ సిస్టమ్‌నే కాపలా పెడితే పోలేదా అన్నవాళ్ళు ఇంకో వర్గం. క్లియర్‌కేస్ 1990లలోనే తన సొంత ఫైల్ సిస్టమ్ మీద బిల్డు నడిపి, ఏ ఆజ్ఞ ఏ ఫైలు ముట్టుకుందో రాసుకునేది. మైక్ షాల్ రాసిన ‘టప్’ ఫ్యూజ్ ద్వారా అదే పని చేస్తుంది. లైనక్స్‌లో ఎస్‌ట్రేస్ పెట్టి నడిపే చిన్న పనిముట్లూ ఉన్నాయి. ఫ్రీబీఎస్‌డీలో ఫైల్‌మన్ అనే కెర్నెల్ మాడ్యూల్ ఈ కాపలా కాస్తుంది. సి కంపైలర్‌కే పరిమితం కాకుండా పైథాన్ స్క్రిప్టూ, కోడు పుట్టించే పనిముట్లూ అన్నిటి చిట్టా ఒకే చేతిరాతలో వస్తుందన్నది దీని గొప్ప. వేగం తగ్గడం, ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీది ఉపాయం ఇంకోదాని మీద పనిచేయకపోవడం దీని శాపం. నాకు ఈ పద్ధతి మీద గౌరవం ఉంది గాని, ఇది జనంలోకి రాకపోవడానికి కారణాలు సబబైనవే.

బేజెల్‌ది దాదాపు ఎదురు దారి. గూగుల్ 2015లో బయటపెట్టిన ఈ వ్యవస్థ మనిషి రాసిన జాబితానే కోరుతుంది. కారణం లేకపోలేదు. కంపైలింగ్‌ని వేరే యంత్రానికి పంపాలంటే ఏ ఫైళ్ళు పంపాలో ముందే తెలియాలి, చిట్టా పని అయ్యాక గాని రాదు. అందుకని ముందు మనం ప్రకటించాలి. కంపైలర్ రాసిన ‘.డి’ ఫైలును బేజెల్ ఆడిటర్‌లా తిరగేసి, ప్రకటించని హెడర్ ఒక్కటి కనపడ్డా బిల్డు ఆపేస్తుంది. వేలమంది ఒకే కోడు మీద పనిచేసే చోట ఈ కట్టుబాటు అవసరమే. పదిమంది ఉన్న టీములో దీన్ని తెచ్చిపెట్టుకోవడం, ఇద్దరున్న ఇంటికి పెళ్ళి వంటవాళ్ళను పిలవడం.

‘మొదటిసారి జాబితా అక్కర్లేదు’ అన్న ట్రోమీ సూత్రం ఎక్కడ విరుగుతుందో ఇప్పుడు చూడాలి. బిల్డులోనే పుట్టే హెడర్లు ఒకటి. అవి పుట్టకముందే కంపైల్ మొదలైతే ఫైలు లేదంటుంది, కనుక వరస మాత్రం మనిషే చెప్పాలి. దీన్ని ఎలాగో సర్దుకున్నాం. సర్దుకోలేనిది మాడ్యూళ్ళ సంగతి. ఫోర్ట్రాన్‌లో ఒక ఫైలు ఇచ్చే మాడ్యూలును ఇంకో ఫైలు వాడుకుంటే, మొదటిది కంపైలయ్యాకే రెండోది కావాలి. ఫోర్ట్రాన్ 90 నుంచీ వాతావరణ నమూనాలు కట్టేవాళ్ళు ఈ వరసతో తిప్పలు పడుతూనే ఉన్నారు. సి ప్లస్ ప్లస్ 20లో మాడ్యూళ్ళు రావడంతో ఆ తిప్పలు అందరివీ అయ్యాయి. ఇక్కడ మొదటి బిల్డుకే జాబితా కావాలి, వరసతో సహా.

అందుకని ముందుగా స్కాన్ చేయడం మళ్ళీ వచ్చింది. ప్రతి ఫైలునూ ఒకసారి పైపైన చదివి, ఇది ఏ మాడ్యూలు ఇస్తుంది, ఏవి కోరుతుంది అని రాసివ్వాలి. ఆ రాత అన్ని కంపైలర్లకూ ఒకేలా ఉండాలని బెన్ బోకెల్, బ్రాడ్ కింగ్ ‘పి1689’ అనే నమూనాను సి ప్లస్ ప్లస్ కమిటీ ముందు పెట్టారు. బిల్డు నడుస్తుండగా దొరికిన డిపెండెన్సీలను అప్పటికప్పుడు కలుపుకునే వీలు 2020లో నింజా 1.10తో వచ్చింది. క్లాంగ్‌కి విడిగా ఒక స్కానర్ ఉంది, జీసీసీ 14లో ఆప్షన్ ఉంది, సీమేక్ 3.28లో 2023 డిసెంబరులో మాడ్యూళ్ళకు పూర్తి స్థాయి మద్దతు వచ్చింది. భాష ప్రమాణం వెలువడిన మూడేళ్ళకు! ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఈ జాబితా ఎవరు, ఎప్పుడు రాయాలన్న చిక్కుదే. ఒక రకంగా మేక్‌డిపెండ్ తిరిగొచ్చింది. తేడా అల్లా, ఇప్పుడు జోస్యం చెప్పేది కంపైలర్ సొంత ప్రీప్రాసెసరే.

ఈ చిక్కును భాషలోనే తెంపినవాళ్ళు గో రూపకర్తలు. రాబ్ పైక్ 2012లో చెప్పిన లెక్క ఒకటుంది. 2007లో గూగుల్‌లో ఒక పెద్ద ప్రోగ్రాము కంపైలింగ్‌ని కొలిచారు. సుమారు రెండు వేల ఫైళ్ళు, అన్నీ కలిపితే 4.2 మెగాబైట్లు. ఇన్‌క్లూడ్‌లన్నీ విప్పేసరికి కంపైలర్ నోట్లోకి వెళ్ళింది 8 గిగాబైట్లకు పైనే. గోలో ఇంపోర్టులు ఫైలు మొదట్లోనే ఉంటాయి, ఇఫ్‌డెఫ్ లేదు, రెండు ప్యాకేజీలు ఒకదాన్నొకటి కోరుకోకూడదు, వాడని ఇంపోర్టు ఉంటే కంపైలే కాదు. జాబితా సోర్సులోనే ఉంది, అదీ ఎప్పటికప్పుడు నిజంగా. కాని ఈ సుఖం కొత్తగా మొదలుపెట్టిన భాషలకే. యాభై ఏళ్ళ సి కోడున్నవాడికి గోని చూపించడం, పాత పెంకుటింట్లో ఉంటున్నవాడికి కొత్త ఫ్లాటు ప్లాను చూపించడమే.

సిద్ధాంతం వైపు నుంచి చదవదలిస్తే మోఖోవ్, మిచెల్, పేటన్ జోన్స్ 2018లో రాసిన పత్రం ఒక్కటి చాలు. మేక్, షేక్, బేజెల్‌తోపాటు ఎక్సెల్‌ని కూడా వాళ్ళు ఒక బిల్డు వ్యవస్థగానే లెక్కగట్టారు. ఏ సెల్లు ఏ సెల్లు మీద ఆధారపడిందో కొన్నిసార్లు లెక్క కట్టేటప్పుడు గాని తెలియదు. హెడర్ల కథా అంతేనని చదువుతుంటే నవ్వొస్తుంది.

రేపు ఆఫీసుకెళ్ళాక ఒక పని చేయండి. అందరూ వాడే హెడర్ ఒకటి తెరిచి, అడుగున ఒక ఖాళీ లైను చేర్చి, బిల్డ్ కొట్టండి. క్లీన్ చేయకండి. ఏయే ఫైళ్ళు కంపైలయ్యాయో రాసుకుని, ఆ హెడర్ పేరుతో గ్రెప్ కొట్టి పోల్చి చూడండి. గ్రెప్ చూపించిన ‘.సి’ ఫైళ్ళలో ఒక్కటి కంపైల్ కాకుండా మిగిలిపోయినా, మీ మేక్‌ఫైల్లోనూ నాలుగేళ్ళ కిందట ఎవరో చేత్తో రాసిన జాబితా ఉందన్నమాట.